నల్లజీడి పొగ

నా చిన్నప్పుడు, శివరాత్రి వెళ్ళిన వారానికి, మా నాయనను ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకొని కోనలోంచి దించుకొచ్చారు. అప్పటికి పొద్దెక్కి ఎంతోసేపు కాలేదు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. పక్కన నడుస్తున్న ఇద్దరినీ గుర్తుపట్టాను గాని, మధ్యలో ఉన్న మనిషిని పట్టలేకపోయాను. ఆ మొహం గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. కళ్ళు ఉండాల్సిన చోట రెండు గీతలు మిగిలాయి. మెడ మీద, మోచేతుల మీద చర్మం నీటిపొక్కులతో మెరుస్తోంది. ఎవరో పరాయి మనిషిని మా ఇంటికి ఎందుకు తెస్తున్నారా అనుకున్నాను. ఆ మనిషి గడప దగ్గర ఆగి, గోడ తడుముకొని, "పాప యాడుండాది?" అని అడిగాడు. గొంతు మా నాయనది.

నేను పలకలేదు. పక్కనే ఉండి కూడా పలకలేదు. ఆయనకు అట్లా ఎందుకైందో ఊళ్ళో ఇంకా ఎవరికీ తెలియదు. మా అమ్మ గాలి సోకిందని ఏడుస్తోంది. దించుకొచ్చిన వాళ్ళు ఏదో పురుగు అంటున్నారు. నాకు మాత్రం తెలుసు. నాలుగు రోజుల ముందు నుంచీ తెలుసు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

ఇది రెండో ప్రపంచయుద్ధం నాటి మాట. మా ఊరు తిరుపతికి ఎద్దుబండి మీద ఒక పూట దూరంలో, కొండల పాదాన ఉండేది. ఊరి నుంచి చూస్తే ఆ కొండల మీద పచ్చదనమే కనిపించదు. ఎర్రమట్టి, బండలు, ముళ్ళకంప, బండల సందుల్లో ఎర్రచందనం చెట్లు. వేసవిలో ఆ వాలు మీద మేకలు కూడా నిలిచేవి కావు. కాని వాగు వెంట గంటసేపు లోపలికి నడిస్తే కొండ రెండుగా చీలి కోన మొదలయ్యేది. అక్కడ ఎండ మిట్టమధ్యాహ్నం కాసేపు మాత్రమే నేలను తాకేది. రాతి గోడల మీద పన్నెండు నెలలూ నీరు చెమర్చేది. నేరేళ్ళు, అడవిమామిళ్ళు, మద్దిమాన్లు వెలుతురు కోసం పోటీపడి నిటారుగా పెరిగి, పైన ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. మనిషి తొడంత లావు గిల్లతీగలు ఒక చెట్టెక్కి మరో చెట్టు దిగేవి. కింద ఏళ్ళ తరబడి రాలిన ఆకు కుళ్ళి, అడుగు వేస్తే మెత్తగా లోపలికి దిగేది. పిట్ట అరిస్తే ఆ అరుపు ఏ వైపు నుంచి వచ్చిందో తెలిసేది కాదు. బయట కొండ ఎంత ఎండిపోయినా కోన లోపల తడి ఆరేది కాదు. అక్కడికి పోతే పెద్దవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నేను గమనించాను.

ఆ కోనలో, వాగుకు కొంచెం ఎగువన రాతి వాలు మీద, నల్లజీడి చెట్లు తొమ్మిది ఉండేవి. జీడి అంటే ఇప్పటి పిల్లలకు జీడిపప్పు గుర్తొస్తుంది. ఇది వేరే. దానికి దగ్గరి చుట్టమే గాని, గుణం వేరు. ఆకు మూరెడు పొడవు, జానెడు వెడల్పు. కాయ అడుగున నల్లటి గింజ, దాని పైన నారింజరంగు కండ. ఆ గింజలో నల్లటి సొన ఉంటుంది. చాకలివాళ్ళు గింజను సూదితో గుచ్చి, ఆ సొనతో బట్ట అంచున ఇంటికో గుర్తు పెట్టేవాళ్ళు. సున్నం తగిలితే ఆ గుర్తు ఇక చావదు. బట్ట చిరిగినా గుర్తు మిగులుతుంది. తిరుపతిలో సత్రాల బట్టలు ఉతికే చాకలివాళ్ళకు ఏటా ఆ గింజలు పట్టుకెళ్ళి ఇచ్చేది మా తాత, అంటే మా నాయనకు నాయన.

ఆ సొనంటే తాతకు భయం లేదు గాని, మర్యాద ఉండేది. చెట్టు దగ్గరికి పోయే ముందు మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించుకునేవాడు. గింజలు ఏరాక చింతపండు నీళ్ళతో చేతులు కడిగేవాడు. వాన పడి వెలిశాక ఆ చెట్ల కింద నిలబడేవాడు కాదు, ఆకు మీద నుంచి జారే చుక్క కూడా మంచిది కాదని. వాటిని చెట్లు అని కూడా అనేవాడు కాదు. 'ఆ తొమ్మండుగురు' అనేవాడు, ఊళ్ళో పెద్దమనుషుల గురించి చెప్పినట్టు.

యుద్ధం మూలంగా పెట్రోలు దొరకడం ఆగిపోయింది. బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఒక పెద్ద డ్రమ్ము తగిలించి, అందులో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది. ఎత్తు వస్తే మనుషులు దిగి నడవాలి. ఆ బస్సులకు బొగ్గు కావాలి, బొగ్గుకు కట్టె కావాలి. ఒక కంట్రాక్టరు మా కోనలో కట్టె కొట్టుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. దక్షిణం నుంచి, పాలారు అవతలి ఊళ్ళ నుంచి కట్టె కొట్టేవాళ్ళు కుటుంబాలతో దిగారు. వాళ్ళలో ఒక జంట మా ఇంటి పక్క కొట్టంలో కాపురం పెట్టింది. ఆ ఇల్లాలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. మా నాయన బొగ్గుల బట్టీకి మేస్త్రీ అయ్యాడు.

బట్టీ అంటే ఇటుకల కట్టడం కాదు. దుంగలను గోపురంలా నిలబెట్టి, మీద పచ్చి ఆకు కప్పి, ఆ పైన తడిమట్టి మెత్తి, నడుమ నిప్పు వేసి నోరు మూసేస్తారు. అడుగున చుట్టూ పిడికిలి పట్టేంత బెజ్జాలు ఉంచుతారు. లోపల కట్టె మండకూడదు, మగ్గాలి. మొదట బెజ్జాల్లోంచి తెల్లటి పొగ వస్తుంది. అది కట్టెలోని నీరు. తర్వాత పసుపుపచ్చగా మారుతుంది. చివరికి సన్నగా నీలం తిరుగుతుంది. నీలం తిరగ్గానే బెజ్జాలన్నీ మూసెయ్యాలి. ఆలస్యమైతే బొగ్గు బూడిదవుతుంది, తొందరపడితే కట్టె కట్టెగానే ఉంటుంది. ఆ నీలాన్ని అందరికన్నా ముందు పట్టేది మా నాయన. నేల మీద బోర్లా పడుకొని, మొహం బెజ్జానికి బెత్తెడు దూరంలో పెట్టి, రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఆయన కళ్ళ మీదే ఆ పని అంతా నడిచేది. మా ఇల్లూ నడిచేది.

కట్టె కొట్టడం మొదలైన రోజునే తాత కోనకు పోయి వాళ్ళందరినీ పిలిచి చెప్పాడు. నేనూ వెంట ఉన్నాను.

"అబ్బా, కొండనంతా నరుక్కోండి, ఈ తొమ్మిదింటి జోలికి పోవద్దండి. సొన తగిలితే తోలు ఊడొస్తాది. బట్టీలో పెడితే ఆ పొగ కండ్లు తీస్తాది."

పక్కింటి అక్క భర్త గొడ్డలి మీద గడ్డం ఆనించి వింటున్నాడు. సరదా మనిషి, నోరు ఊరికే ఉండదు. "ఏం తాతా, ఈ మానుకు నీ బిడ్డనేమన్నా ఇచ్చినావా? అల్లుణ్ణి కాసినట్టు కాస్తా ఉండావే" అన్నాడు.

"అల్లుడైతే గొడ్డలి నేనే తెచ్చిచ్చుందునప్పా. కాదు కాబట్టే వద్దంటా ఉండా" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. కాని గింజల కోసం ముసలాయన చెట్లు దాచుకుంటున్నాడని వాళ్ళు అనుకున్నారు. ఆ అనుమానం వాళ్ళ మొహాల్లో నాకే కనిపించింది, ఆయనకు కనిపించకుండా ఉంటుందా.

మర్నాడు ఇంకా మంచు విడవకముందే తాత నన్ను లేపాడు. మా అమ్మ డబ్బాలోంచి పసుపు, కుంకుమ తీసుకున్నాడు. పాత ఎర్ర రవికగుడ్డ చింపి పీలికలు చేశాడు. కోనకు పోయి, చేతులకు నూనె రాసుకొని, కర్రకు గుడ్డ చుట్టి, ఆ కర్రతో తొమ్మిది మాన్లకూ మనిషి ఛాతీ ఎత్తున పసుపు పూశాడు. మధ్యలో కుంకుమ పెట్టాడు. ఒక్కో మానుకు ఒక ఎర్ర పీలిక చుట్టాడు. మొదళ్ళ దగ్గర మూడేసి రాళ్ళు పేర్చాడు. పీలికలు అందించింది నేను. ఆ మసక వెలుతురులో అవి నిజంగానే ఎవరో నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టు ఉన్నాయి. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

అది తాతకు నచ్చలేదు. నన్ను పక్కనున్న బండ మీద కూర్చోబెట్టాడు.

"వాళ్ళకు సొన అంటే నవ్వొస్తాది, అమ్మోరంటే బయమేస్తాది. అందుకని పూసినా. నీకు అబద్దం సెప్పను. ఈడ అమ్మోరు లేదు, సొన ఉండాది. ఎందుకు పూసినానో నీకు తెలియాల. ఇంకెవురికీ సెప్పబాకు."

కట్టె కొట్టేవాళ్ళు వచ్చి ఆ చెట్లను చూసి గొడ్డళ్ళు కింద పెట్టారు. ముందురోజు వేళాకోళం చేసిన మనిషే అందరికన్నా ముందు నేలకు నుదురు ఆనించాడు. ఆ రాతి వాలు వైపు ఇక ఎవరూ పోలేదు. మూడోరోజుకు వాళ్ళే ఆ అమ్మోరికి పేరు కూడా పెట్టుకున్నారు, జీడెమ్మ అని. మా నాయన సంగతి గ్రహించాడనే అనుకుంటాను. ఒకరోజు అన్నం తింటూ తాత వైపు చూసి మీసాల్లో నవ్వాడు.

మధ్యాహ్నం వేళ సంగటి ముద్దలు తీసుకొని ఆడవాళ్ళు కోనకు పోయేవాళ్ళు. మా నాయన ముంత నేను పట్టుకొని పక్కింటి అక్క వెంట పోయేదాన్ని. అక్కకు ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. పెళ్ళయి నాలుగేళ్ళు. రెండుసార్లు కడుపు నిలవలేదని మా అమ్మతో చెబుతుండగా విన్నాను. ఆమె రోజూ కొంగున చిన్న బెల్లంముక్క కట్టుకొచ్చి, అన్నిటికన్నా కిందున్న జీడిమాను దగ్గర, మూడు రాళ్ళ మీద పెట్టేది. కళ్ళు మూసుకొని చాలాసేపు నిలబడేది. అప్పట్లో బెల్లం దొరకడం కష్టం. తను తాగే అంబలిలో వేసుకోకుండా అక్కడ పెట్టేదని నాకు తెలుసు. మేము వెనక్కి వచ్చేసరికి దాని నిండా చీమలు ఉండేవి.

ఈ భాగాన్ని నేను ఎన్నోసార్లు ఎన్నో రకాలుగా చెప్పుకొన్నాను. అక్క మోసపోతోందని జాలిపడ్డానని, అబద్ధం చూడలేకపోయానని. నిజం అది కాదు. నాకు ఆ బెల్లం కావాలనిపించింది.

"అక్కా, అది నాకియ్యి" అన్నాను ఒకరోజు. "ఆడ అమ్మోరు లేదు. పసుపు మా తాతే పూసినాడు."

అక్క నవ్వలేదు, కోప్పడలేదు. "అమ్మణ్ణీ, తమాసాకు సెప్తా ఉండావా?" అంది.

"లేదక్కా. గుడ్డపీలికలు ఇచ్చింది నేనే."

ఆమె ఆ చెట్టు వైపు చాలాసేపు చూసింది. ఇన్ని రోజులూ అక్కడ నిలబడి ఏమేమి అడిగిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు చూసింది. తర్వాత రాళ్ళ మీది బెల్లంముక్క తీసి, దుమ్ము ఊది, నా చేతిలో పెట్టింది. నేను నోట్లో వేసుకున్నాను. మీ తాత ఎందుకు పూశాడు అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. బెల్లం చప్పరిస్తూ ఆమె వెంట నడిచాను. ఆ మాట దాచమని చెప్పిన తాత, దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పాడు. నేను మొదటిది బయటపెట్టి రెండోది లోపలే ఉంచేశాను.

ఆ వారం చివర నాయన, తాత కలిసి తిరుపతికి బండి కట్టారు. నాయనకు బొగ్గు దింపే పని, తాతకు గింజలు ఇచ్చే పని. వాళ్ళు లేని మూడో రోజు మధ్యాహ్నం నేను అలవాటు కొద్దీ అక్క వెంట కోనకు పోయాను. రాతి వాలు దగ్గర అక్క నా చెయ్యి పట్టుకొని గబగబా లాక్కుపోయింది. కాని నేను చూశాను. కింది వరసలో మూడు మాన్లు లేవు. మొదళ్ళు మాత్రం ఉన్నాయి, తారు పూసినట్టు నల్లగా. ఊరిన సొన గాలి తగిలి నల్లబడి, కింద రాతి మీదికి జారి అట్ట కట్టింది. ఎర్ర పీలిక ఒకటి ఆకుల్లో పడి ఉంది.

బట్టీ దగ్గర కొత్త గోపురం లేచింది. సగం దాకా మట్టి మెత్తారు. యుద్ధకాలపు తొందరలో కట్టె ఆరేదాకా ఎవరూ ఆగడం లేదు. అక్క భర్త రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకొని ఉన్నాడు. ఏమైందని అక్క అడిగితే, తేనెటీగలు అన్నాడు. ఆరోజు ఆయన వేళాకోళమేమీ ఆడలేదు. నా వైపు ఒకసారి చూసి, "మీ తాత మంచి ఆట ఆడించినాడు మమ్మల్ని" అన్నాడు. తమను మోసం చేశాడన్న కోపంతోనే వాళ్ళు ఆ మూడింటినీ కొట్టారు. కొట్టిన సంగతి మేస్త్రీకి తెలియకూడదని దుంగలను గోపురం నడిమధ్యలో పెట్టారు. ఇదంతా తర్వాత తెలిసింది.

మర్నాడు సాయంత్రం నాయన ఒక్కడే వచ్చాడు. తాతకు జ్వరం తగిలి తిరుచానూరులో చెల్లెలి ఇంట్లో ఆగిపోయాడట. నాయన నాకు గాజులు తెచ్చాడు. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని ఒక్కొక్కటే తొడిగాడు. అప్పుడు చెప్పొచ్చు. చెబితే ఆ మనుషులకు ఎట్లా తెలిసిందని అడుగుతాడు. అడిగితే బెల్లం దాకా పోవాలి. నేను ఇంకో రకంగా ఆలోచించుకున్నాను. అమ్మోరి విషయంలో అబద్ధం ఆడిన తాత, సొన విషయంలో కూడా ఆడి ఉండొచ్చు గదా. ఆ ఆలోచన నాకు ఎంత హాయినిచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

బట్టీ ముట్టించారు. మొదటి రోజు సాయంత్రం నాయన కళ్ళు ఎర్రబడి ఇంటికి వచ్చాడు. మా అమ్మ చల్లనీళ్ళు ఇస్తే మొహం కడుక్కుంటూ, "ఈసారి పొగ ఏందో వేరేగా ఉండాది. ఘాటు ఎక్కువ" అన్నాడు. కనురెప్పలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. నేను గుంజ చాటున నిలబడి విన్నాను. రెండోరోజు ఆయన ఇంటికి రాలేదు. పొగ నీలం తిరిగే వేళ మేస్త్రీ బట్టీ వదిలి రాకూడదు. ఆరోజంతా నేను వాకిట్లోకి వచ్చి కొండ వైపు చూస్తూ గడిపాను. కోన మీద పొగ లేచి, గాలి లేకపోవడంతో పైకి పోకుండా, రెండు కొండల నడుమ ముడుచుకొని కూర్చుంది. మా అమ్మ నన్ను రెండుసార్లు పిలిచి, ఒళ్ళు బాగాలేదా అని నుదురు పట్టి చూసింది. మూడోరోజు పొద్దున ఆయనను దించుకొచ్చారు.

కబురు అందగానే తాత జ్వరంతోనే వచ్చాడు. నాయన మొహం చూడకముందు ఆయన చొక్కా తీసుకొని వాసన చూశాడు. మా అమ్మను చింతాకు నూరమన్నాడు. తర్వాత ఎవరు వద్దన్నా వినకుండా కోనకు పోయి వచ్చాడు. వచ్చి నాయన మంచం పక్కన కూర్చుని కొబ్బరినూనె రాస్తూ ఉన్నాడు. ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. అంతే.

తిరుపతి ఆసుపత్రికి బస్సులోనే తీసుకుపోయాం. కళ్ళకు తడిగుడ్డ కట్టుకొని నాయన వెనక సీట్లో పడుకున్నాడు. వెనక డ్రమ్ములోంచి వేడి, బొగ్గు వాసన మా మీదికి వస్తున్నాయి. బస్సు ఎత్తు ఎక్కుతుంటే ఆయన కాసేపు చెవి పెట్టి విని, "మన బొగ్గే. బాగా లాగుతా ఉండాది" అన్నాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరు కళ్ళు కడిగి, మందు వేసి, కట్టు కట్టాడు. పదిహేను రోజుల తర్వాత కట్టు విప్పితే గాని ఏ సంగతీ చెప్పలేనన్నాడు. ఆ పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాయన మాత్రం మంచం మీద పడుకొని, ఇప్పుడు పొద్దు ఎంతుంది, వెలుతురు గోడ మీద ఎక్కడిదాకా వచ్చింది అని నన్ను అడుగుతూ ఉండేవాడు. నేను చెబుతూ ఉండేదాన్ని. ఆ ప్రశ్నలకు తప్ప వేరే దేనికీ నా దగ్గర జవాబు ఉన్నట్టు ఆయన ప్రవర్తించలేదు.

కట్టు విప్పడానికి ముందురోజు కట్టె కొట్టేవాళ్ళు ఆరేడుగురు మా పంచలోకి వచ్చారు. ముగ్గురి చేతులకు ఇంకా గుడ్డలు ఉన్నాయి. అక్క భర్త అందరి వెనక నిలబడి నేల చూస్తున్నాడు. వాళ్ళకు పెద్ద అయిన ఒక నడివయసు మనిషి మాట్లాడాడు. జీడెమ్మకు కోపం వచ్చిందని, ఇక తాము కోనలో అడుగు పెట్టబోమని చెప్పాడు.

తాత లేచాడు. "అమ్మోరు కాదప్పా. సొన. ఆ పొద్దే సెప్పినా గదా."

"నువ్వు గమ్మునుండు తాతా" అన్నాడు ఆ మనిషి. కోపంగా అనలేదు, విసుగ్గా అన్నాడు. "నువ్వు ఆ పొద్దు ఒగటి సెప్పినావు, ఈ పొద్దు ఒగటి సెప్తావు. మాకు ఒగటే కావాల. అమ్మోరు లేదని ఎవురు సెప్పినారు? ఆ నోరు ఎవురిది?"

తాత పూసిన పసుపు ఇప్పుడు ఆయన మాటకే అడ్డం వచ్చింది. అమ్మోరు లేదన్న మనిషి పొంగలి కుండ పెట్టి మొక్కు చెల్లించుకోవాలని, ఆ తర్వాత జన్మలో ఆ కోన తొక్కకూడదని, అట్లా ఐతేనే తాము మళ్ళీ పనిలోకి దిగుతామని వాళ్ళ పట్టు. పంచ గడప దగ్గర పక్కింటి అక్క నిలబడి ఉంది. ఆమె నన్నే చూస్తోంది. చెప్పమని చూస్తోందో, చెప్పవద్దని చూస్తోందో నాకు అర్థం కాలేదు. చెప్పాలనే నేను ఒక అడుగు ముందుకు వేశాను. వేశానని నా నమ్మకం.

"నేనే సెప్పినా" అన్నాడు నాయన మంచం మీద నుంచి.

అందరూ అటు తిరిగారు. తాత కూడా తిరిగాడు. "నువ్వా?" అన్నాడు.

"నేనే. అమ్మోరూ లేదు, ఏమీ లేదు, అంతా ముసలోడి తమాసా అని నేనే అన్నా. సాలునా? ఇంక పోండప్పా, పడుకోవాల నేను."

అక్క భర్తకు అది అబద్ధమని తెలుసు. ఆయన తలెత్తలేదు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేదన్న మనిషికే కళ్ళు పోయాయి. వాళ్ళకు ఆ లెక్క సరిపోయింది. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు కట్టు విప్పారు. కుడి కన్ను దక్కింది. ఎడమ కన్నులో పొగ నిలిచిపోయినట్టే ఉండేదని ఆయన అనేవాడు. ఒక్క కంటితో తెలుపూ నీలమూ తేడా పట్టడం కష్టమే గాని, ఆ అవసరం కూడా రాలేదు. వాళ్ళు పెట్టిన షరతు ప్రకారం ఆయన మళ్ళీ కోనలో అడుగు పెట్టలేదు. ఊరి బయట వేరుశనగ పండించుకుంటూ బతికాడు. కొత్త మేస్త్రీ వచ్చాడు. మిగిలిన ఆరు జీడిమాన్ల దరిదాపులకు ఎవరూ పోలేదు. ఈసారి వాళ్ళను ఎవరూ భయపెట్టాల్సిన పని లేకపోయింది. చుట్టూ ఉన్న నేరేళ్ళు, మద్దిమాన్లు మాత్రం రెండేళ్ళలో బొగ్గయిపోయాయి. నీడ పోయాక రాతి గోడల మీద చెమ్మ వేసవిలో ఆరిపోవడం మొదలైంది. యుద్ధం ముగిసి పెట్రోలు వచ్చేనాటికి కోన అడుగున నేల మీద ఎండ పొద్దున్నే పడేది.

ఆ రోజు నుంచి నేను ఏ సంగతీ సగం చెప్పలేను. ఎవరికైనా ఒకటి వద్దని చెబితే, ఎందుకు వద్దో చెప్పేదాకా వాళ్ళను లేవనివ్వను. మా పిల్లలు దాని మీద నన్ను ఏడిపిస్తారు. పొయ్యి మీద గిన్నె వేడిగా ఉంది అనడానికి మా అమ్మకు అరగంట కావాలి అంటారు. అననివ్వండి. ఇంకొకటి కూడా నాతో ఉండిపోయింది. ఎవరైనా నాకు ఒక నిజం చెబితే సంతోషించే ముందు, ఇది మొత్తమా అని అడుగుతాను.

తాత ఆ వానాకాలంలోనే పోయాడు. నన్ను ఏమీ అడగకుండానే పోయాడు. అక్క వాళ్ళు దక్షిణానికి వెళ్ళిపోయారు. ఆమెకు బిడ్డ పుట్టిందో లేదో మాకు కబురు లేదు. నాయన ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు. ఆ ముప్పై ఏళ్ళలో రెండుసార్లు నేను ఆ మాట ఎత్తబోయాను. రెండుసార్లూ ఆయన పొద్దు ఎంతుందని అడిగి మాట తప్పించాడు.

ఆయన 'నేనే' అన్నప్పుడు మంచానికి తలవైపు తాత ఉన్నాడు. కాళ్ళవైపు నేను ఉన్నాను. గడప దగ్గర అక్క ఉంది. ముగ్గురిలో ఎవరిని కాపాడటానికి ఆ మాట అన్నాడో నాకు తెలియదు. ఆయన కళ్ళకు కట్టు ఉంది. మొహం ఎవరి వైపూ తిప్పలేదు.